వీపు మీద జాజు గుర్తు

పోయిన నెల నా స్నేహితుడొకడు ఫేస్‌బుక్‌లో తోడేలు ఫొటో పెట్టాడు. వాడిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలొస్తే పెద్ద లెన్సు భుజానేసుకుని మా మడకశిర వైపు, కర్ణాటక సరిహద్దు అవతల మైదనహళ్లి జింకల మైదానాల వైపు తిరుగుతుంటాడు. ఫొటో బాగుంది, అబద్ధమెందుకు. అప్పుడే పొద్దు పొడుస్తోంది, మోకాలెత్తు ఎండుగడ్డి, దాని మధ్యలో పరుగు ఆపి వెనక్కి తిరిగి చూస్తున్న తోడేలు, నోట్లో ఏదో కరుచుకుని ఉంది. కింద రెండు వందలకు పైగా కామెంట్లు. "వాట్ ఎ క్యాచ్ బ్రో" అని ఒకరు. తోడేలును అన్నారో, వీణ్ణి అన్నారో తెలియదు.

ఇలాంటి ఫొటోలు రెండు వేళ్ళతో లాగి పెద్దవి చేసి చూడటం నాకలవాటు. నోట్లో ఉన్నది గొర్రెపిల్ల. నెల, నెలన్నర వయసుంటుంది. వీపు మీద, తుంటికి కాస్త పైన, ఎర్రగా ఒక అడ్డగీత, గీత పక్కన ఒక చుక్క. చూసినవాళ్ళు రక్తమనుకుని ఉంటారు. అది జాజు. మందలు కలిసిపోయినప్పుడు ఎవరి జీవాలు ఎవరివో తెలియడానికి మా వైపు కాపరులు పూసే గుర్తు. ఒకరిది గీత, ఒకరిది చుక్క, ఇంకొకరిది చెవి కోత. అంటే ఆ గొర్రెపిల్లకు ఇంటిపేరు ఉంది.

రెండు వందల కామెంట్లలో ఒక్కరు కూడా ఆ పిల్ల ఎవరిదని అడగలేదు. ఆ రోజుకు నేనూ అడగలేదు. లైక్ కొట్టి పడుకున్నాను. తర్వాత మూడు నాలుగు రోజులు ఆ గీతా చుక్కా వదల్లేదు, అందుకే ఈ పోస్టు.

ముందే ఒక మాట. నేను గొర్రెలు కాసే కురుబల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఇప్పటికీ 110 జీవాలు కాస్తున్నాడు. నేను మాత్రం ఏసీ ఆఫీసులో కూర్చుంటాను, తోడేళ్ళు బతకాలని కోరుకుంటాను, ఆ కోరికకు నా జేబులోంచి ఇప్పటిదాకా పైసా పోలేదు. కాబట్టి రెండు పక్కల వాళ్ళూ నన్ను తిట్టొచ్చు, ఇద్దరికీ హక్కుంది.

నాన్నా పులి

చిన్నప్పటి కథ గుర్తుందా, గొర్రెలు కాసే కుర్రాడు ఊరికే "నాన్నా పులి, నాన్నా పులి" అని అరిచేది? ఇంగ్లీషు వాళ్ళ కథలో ఆ కుర్రాడు అరిచేది తోడేలు వచ్చిందని. మన దగ్గరికొచ్చేసరికి అది పులైపోయింది. వాళ్ళకు గొర్రెతోలు కప్పుకున్న తోడేలుంటే మనకు మేకవన్నె పులి. మా వైపు గొర్రెల కాపరికి పులితో తరానికొకసారి కూడా పని పడదు, తోడేలుతో ప్రతి చలికాలమూ పడుతుంది. అయినా సామెతల్లో, కథల్లో తోడేలు వాటా కూడా పులే తినేసింది. మనకు మిగిలింది వృకోదరుడనే పేరు ఒక్కటి, అదీ భీముడి తిండి గురించి.

డబ్బుల దగ్గరా ఇదే వరస. ప్రాజెక్ట్ టైగర్ 1973లో వచ్చింది. తోడేలు పేరు మీద అంత పెద్ద పథకం ఏదీ రాలేదు. 2022 లెక్కల్లో దేశంలో పులుల సగటు అంచనా 3,682. అదే ఏడాది వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు వేసిన అంచనాలో పెద్ద తోడేళ్ళు సుమారు 3,100. అంటే తోడేళ్ళే తక్కువ! వన్యప్రాణి రక్షణ చట్టంలో రెండూ మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి. తేడా ఎక్కడంటే పులికి చాలావరకు దాని అడవి ఉంది, గేటు ఉంది, గార్డు ఉన్నాడు. తోడేలు ఎక్కువగా బతికేది ఆ గేట్ల బయట, మన బీళ్ళలో, వాగు గట్లలో, మా మామ గొర్రెలు మేసే చోటే. చాలాసార్లు మా మామ గొర్రెల మీదే. ఈ దేశంలో తోడేళ్ళను సాకుతున్నది ఎవరంటే కాపరులు, జీతం బత్తెం లేకుండా.

దాని పాలు

పర్యావరణం మీద రాసేవాళ్ళకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. దక్కను కాపరులు తోడేలును పగవాడిగా చూడరు, మందలో దానికీ ఒక వాటా ఉందనుకుంటారు అని. మహారాష్ట్ర ధన్‌గర్ల గురించి ఇది చాలాసార్లు చదివాను. అది కల్పన కాదు, మా మామ నోటి వెంట నేనే విన్నాను. "బీరప్ప దానికీ ఇంత పాలు రాసినాడు అల్లుడూ, అది తీసుకుంటాది" అంటాడు. బీరప్ప మా కురుబల దేవుడు, పాలు అంటే వాటా. ఏడాదికి ఒకటో రెండో పిల్లలు పోయినప్పుడు అనే మాట అది. పగటిపూటైతే ఆ ఒకటి కూడా ఊరికే పోదు. కేకలు పెట్టుకుంటూ వెంటపడితే చాలాసార్లు పిల్లను వదిలేసి పోతుంది. మెడ మీద పంటి గాట్లతో బతికి పెద్దదైన గొర్రె ఒకటి మామ మందలో చాలా ఏళ్ళుండేది.

నాలుగేళ్ళ కిందట కార్తీక మాసంలో, ఎక్కడో తుపాను పడితే మా దగ్గర తుంపర పట్టుకున్న రోజుల్లో, వేరుశనగ పీకేసిన ఒక రైతు చేలో మంద కట్టారు. ఎరువు కోసం రైతు రాత్రికింత అని ఇస్తాడు, అది మామూలే. పెద్ద గొర్రెలు వల లోపల, పిల్లలు పక్కనే కంపతో వేసిన చిన్న రొప్పంలో. కాపలాకు మామ, వాళ్ళబ్బాయి వంతులేసుకుంటారు. ఆ రాత్రి అబ్బాయి లేడు, స్నేహితుడి పెళ్ళికి హిందూపురం పోయాడు. మామ గొంగడి కప్పుకుని రొప్పం పక్కనే కూర్చున్నాడు. పొద్దంతా పది పన్నెండు కిలోమీటర్లు జీవాల వెనక తిరిగిన మనిషి, ఏ రెండింటికో మూడింటికో కన్ను మూతపడింది. లేచేసరికి పదకొండు పిల్లలు పోయాయి. ఒకదాన్ని ఎత్తుకుపోయింది, పది అక్కడే పడి ఉన్నాయి, గొంతు దగ్గర రెండు గాట్లు తప్ప ఒంటి మీద ఏమీ లేదు. తెల్లారాక వీడియో కాల్‌లో నేనూ చూశాను. తల్లులు ఒక్కొక్కటే వచ్చి తన పిల్లను వాసన చూసి, పక్కకు పోయి, మళ్ళీ వచ్చి వాసన చూస్తున్నాయి. పొదుగులు నిండి ఉన్నాయి. మామ ఫోను పట్టుకుని ఏమీ మాట్లాడలేదు.

ఒకటి తినడానికి పదకొండు ఎందుకు చంపుతుందని అడుగుతారు. పగా కాదు, పైశాచికమూ కాదు. పారిపోవాల్సిన ఎర పారిపోయే దారి లేక కాళ్ళ కిందే తిరుగుతుంటే దానికి ఆగడం తెలియదు. ఈ వివరణ నాకు తెలుసు. ఆ పొద్దున మామకు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఆ రోజు మామ బీరప్ప పాలు గురించి మాట్లాడలేదు. గుళికల మందు తెస్తానని చెప్పులేసుకున్నాడు. చచ్చిన పిల్లల్లో కలిపి వాగులో పెడితే సరి. ఆపింది అత్త. తోడేలు మీద జాలితో ఆపలేదు. "మన కర్రి తింటే?" అంది. కర్రి అంటే మా మామ వాళ్ళ నల్లకుక్క. మామ చెప్పులు విప్పేశాడు.

ఆ చలికాలం మా ఊరి చుట్టుపక్కల తోడేలు బతికిందంటే ఒక కుక్క పుణ్యం. వాటా అనే నమ్మకం ఉన్నమాట నిజమే గానీ దానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దు రెండు దగ్గరో మూడు దగ్గరో ఉంటుంది గానీ పదకొండు దగ్గర మాత్రం ఉండదు. కాపరి మంచితనాన్ని జమాఖర్చుల పుస్తకంలో ఆదాయం కింద రాసుకుని పథకాలు వేసేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది.

శవం లేని నష్టం

"పరిహారం ఉంది కదా" అంటారు. ఉంది. ఆ పదకొండింటికీ మామ తిరిగాడు, నేను సెలవు పెట్టి రెండుసార్లు తోడు పోయాను. ఫొటోలు, పంచనామా, పశువుల డాక్టరు రిపోర్టు కావాలి. డాక్టరు ఆ రోజు వేరే ఊళ్ళో క్యాంపులో ఉన్నాడు, అది ఆయన తప్పేం కాదు. మర్నాటికి శవాలు ఉబ్బిపోయాయి, రాత్రికి ఊరకుక్కలు వచ్చి రెండింటిని లాగేశాయి. ఆఫీసులో కూర్చున్నాయన పది రాసుకుని పదకొండో దాని దగ్గర ఆగాడు. "దీని కళేబరం ఏది?" మామ అన్నాడు, "తోడేలు రశీదు రాసిచ్చి పోలేదు సార్." ఆయన నవ్వాడు. మంచాయనే. కానీ కాలమ్ ఖాళీగా ఉంటే ఫైలు కదలదు కదా. ఏడు నెలల తర్వాత కొంత వచ్చింది. బస్సు చార్జీలు, పోయిన రోజుల కూలి లెక్కేస్తే ఎంత మిగిలిందో మామ చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు.

ఆఫీసు వాళ్ళ వైపు నుంచి కూడా ఆలోచించాను. "కుక్కలు చంపలేదని గ్యారంటీ ఏంటి?" అని ఆ రోజు అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే. వీధికుక్కల దాడిలో పాతిక గొర్రెలు మృతి, ముప్పై గొర్రెలు మృతి అనే వార్త జిల్లా పేజీలో ఎన్నిసార్లు చూడలేదు! తోడేలు సాధారణంగా గొంతు పడుతుంది, కుక్కలు తొడలు, చెవులు, పొట్ట ఎక్కడపడితే అక్కడ పీకుతాయి. చూడగానే కాపరికి తెలుస్తుంది. కానీ తోడేలు చంపినదాన్ని తెల్లారేలోపు కుక్కలు పీకితే కాగితం మీద అది ఎవరి పని? తోడేలు చంపితే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కుక్క చంపితే అది కూడా లేదు. ఇలాంటప్పుడు కాపరి ప్రతి శవాన్నీ తోడేలు ఖాతాలో రాయించాలని చూడటంలో ఆశ్చర్యమేముంది. ఆ లెక్కల్ని చూసి ఇంకొకరు తోడేళ్ళు పెరిగిపోయాయని తేలుస్తారు.

బీమా సంగతి ఇంకా తమాషా. చెవి ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ లేదు. చెవి తోడేలు కడుపులో ఉంటే ఏం చెయ్యాలో ఆ షరతుల్లో రాయలేదు.

ఈ విషయంలో నాకు కాస్త ఆశ కలిగించింది హిమాచల్‌లో, స్పితి లోయలోని కిబ్బర్ అనే ఊరు. మంచుచిరుతలు పశువుల్ని తినే చోటు. 2002లో అక్కడ ఊరివాళ్ళే సొంత బీమా పెట్టుకున్నారు. తలా కొంత కడతారు, బయటి సంస్థ కొంత వేస్తుంది, ఏది నిజం క్లెయిమో ఊరి కమిటీయే తేలుస్తుంది. ఎవడి మంద ఎక్కడుందో, ఎవడు నిద్రపోయాడో, ఎవడు అబద్ధమాడుతున్నాడో ఊరికి తెలిసినంత ఏ ఆఫీసుకు తెలుస్తుంది? మా దగ్గర అది కుదురుతుందా అంటే అనుమానమే. మా మందలు ఒక ఊళ్ళో ఉండవు, ఆర్నెల్లు చేల వెంట పోతూనే ఉంటాయి, ఇవాళ ఈ మండలం, వచ్చే వారం పక్క రాష్ట్రం.

గోనెసంచిలో నాలుగు పిల్లలు

నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్నప్పుడు, సంక్రాంతి ముందు, ఒకతను గోనెసంచి భుజానేసుకుని మా తాత రొప్పం దగ్గరికి వచ్చాడు. సంచి మూతి విప్పి చూపించాడు. లోపల నాలుగు తోడేలు పిల్లలు, ఇంకా కళ్ళు సరిగా తెరవలేదు, ముదురు గోధుమరంగు, కుక్కపిల్లల్లాగే ఉన్నాయి. వాగు గట్టున గుంత కనిపెట్టి, పొగబెట్టి తీశాడట. తాత అతనికి రెండు శేర్ల రాగులు కొలిచి పోశాడు. అతను సంచి కట్టుకుని పక్క రొప్పానికి పోయాడు, అక్కడా రాగులు, అక్కణ్ణుంచి ఇంకో ఊరు. సాయంత్రానికి అవి ఏమయ్యాయో నేను అడిగాను, అమ్మ సమాధానం చెప్పకుండా నీళ్ళకు పంపింది.

తాతను నేను ఈ రోజుకీ తప్పు పట్టలేను. తెల్లదొరలు చేసిందీ అదే, కాకపోతే రాగులకు బదులు రూపాయలు. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్ళలో బహుమానాల కోసం చంపిన తోడేళ్ళు రెండు లక్షల దాకా ఉంటాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. అంత చంపినా తోడేలు పోలేదు, గొర్రెలు పోవడమూ ఆగలేదు. ఈ మాట రాసి మళ్ళీ నాకే అనిపిస్తోంది, ఇది కొంచెం సుఖంగా తోచే వాదనేమోనని. నిజానికి మా తాత చివరి రోజుల్లో, ఆ పొగలన్నీ పెట్టాక, మా ఊళ్ళో కొన్నేళ్ళు తోడేలు బాధ తగ్గిందనే చెప్పుకున్నారు. చంపితే ఏ ఫలితమూ లేదని నేను రాస్తే మామ నవ్వుతాడు.

ఆయనను సూటిగానే అడిగాను, చట్టం లేదనుకో, జైలు లేదనుకో, అన్నీ చచ్చిపోతే నీకు నిశ్చింతేనా అని. చాలాసేపు బీడీ తాగి అన్నాడు: "తోడేలు ఎప్పుడో ఒకనాడు వస్తాది. కుక్కలు దినామూ వస్తాయి. తోడేలుకు మనిషంటే బెదురుంది. ఈ కుక్కలకు యాడుంది?" తోడేలు పోయిన బీడులోకి కుక్కల గుంపులొస్తాయని ఆయన భయం. ఇది శాస్త్రం కాదు, ఒక కాపరి అనుభవం. నేను మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోను.

ఒక్క రాత్రి నిద్ర

ఇక నా అభిప్రాయం. చాలామంది తోడేళ్ళు పెరిగాయంటారు. నాకు కనిపించేది వేరు. కాపలా మనుషులు తగ్గారు.

మా తాత కాలంలో నాలుగిళ్ళ మందలు కలిసి కదిలేవి. ఎనిమిది తొమ్మిది మంది మగవాళ్ళు, ఇద్దరు ముగ్గురు జీతగాళ్ళు, అరడజను కుక్కలు. రాత్రి జాముకిద్దరు మేలుకుంటే మిగతావాళ్ళు గుర్రుపెట్టి నిద్రపోయేవారు. ఇవాళ ఆ నాలుగిళ్ళ పిల్లల్లో ఒకడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో, ఒకడు బెంగళూరు పీణ్యా ఫ్యాక్టరీల్లో, ఒకడు నాలాగా కీబోర్డు ముందు. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకెక్కడుంది. మంద అయితే అంతే ఉంది, ఇంకా పెరిగింది. 2019 పశుగణనలో తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలు, దేశంలోనే మొదటి స్థానం, మన ఆంధ్రలో 1.76 కోట్లు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలు ఒక పొట్టేలు చొప్పున యూనిట్‌కు 1.25 లక్షలు లెక్కేసి ముప్పావు వంతు సబ్సిడీతో పంచింది. గొర్రెలు ఇవ్వడం గురించి అన్ని ప్రభుత్వాలూ ఆలోచిస్తాయి. ఇచ్చిన గొర్రె పక్కన రాత్రి రెండింటికి ఎవరు మేలుకోవాలో ఎవరైనా ఆలోచించగా నేను చూడలేదు.

కాబట్టి తోడేలుతో కలిసి బతకాలంటే అయ్యే అసలు ఖర్చు నిద్ర. పరిహారం చచ్చిన గొర్రెకు ఇచ్చే డబ్బు. నేననేది బతికున్న గొర్రెకు, అంటే కాపలాకు, డబ్బివ్వమని. ఏడాదంతా అక్కర్లేదు. మా వైపు తోడేలు ఈనేది చలికాలంలో, దాని పిల్లలకు తిండి కావాల్సిందీ, మందలో చిన్నపిల్లలు ఎక్కువగా ఉండేదీ దాదాపు అప్పుడే. కార్తీకం నుంచి మాఘం దాకా నాలుగు నెలలు, మూడు మందలకు కలిపి రాత్రి కాపలాకు ఒక మనిషి. రాత్రికి 400 అనుకుంటే 120 రాత్రులకు 48,000, మందకు 16,000. మా మామకు ఆ ఒక్క తెల్లవారుజామున పోయింది అంతకు మూడింతలు.

ఇది గాలిలో మేడ కాదు. ఫ్రాన్స్‌లో 1992 తర్వాత ఇటలీ నుంచి తోడేళ్ళు మళ్ళీ వచ్చాక అక్కడి ప్రభుత్వం చేస్తున్న పనుల్లో ఇదొకటి. కంచెకూ, కాపలా కుక్కకూ ఇచ్చినట్టే అదనపు కాపరి కూలిలో కూడా పెద్ద భాగం భరిస్తుంది. అయితే అక్కడ గొడవ సద్దుమణిగిందా? లేదు. ఏడాదికి వేల గొర్రెలు ఇంకా పోతూనే ఉన్నాయి, మొత్తం తోడేళ్ళలో 19 శాతం దాకా కాల్చడానికి అనుమతి కూడా ఇచ్చుకున్నారు. అంత డబ్బున్న దేశంలోనే సగం సగం పనిచేసినదాన్ని మన దగ్గర తెచ్చి పెడదామంటున్నానని నాకు తెలుసు. కానీ వాళ్ళకు లేనిది మనకుంది. వాళ్ళ కాపరులు తోడేలును మరిచిపోయి మళ్ళీ నేర్చుకుంటున్నారు. మా మామ ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ఉపాధి హామీ లాంటి పనుల్లో దీన్ని కలపొచ్చు కదా అని మా జిల్లాలో పనిచేసిన ఒక అధికారిని అడిగాను. ఆయన చెప్పిన అడ్డంకి ముచ్చటగా ఉంది. గుంత తవ్వితే కొలవొచ్చు, మెలకువను ఏ టేపుతో కొలుస్తారు? కాపలావాడు కూడా నిద్రపోతే? ఎవరు చూడొచ్చారు? నా దగ్గర పూర్తి జవాబు లేదు. మూడు మందలవాళ్ళు కలిసి తమ మనిషిని తామే ఎంచుకుని, కూలి కూడా వాళ్ళ చేతుల మీదుగానే ఇప్పిస్తే వాడు నిద్రపోతే ముందు తన్నేది వాళ్ళే. అంతవరకే తోచింది.

వినాయకుడి పందిట్లో తోడేలు లైటు

సామాన్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సహాయం చెయ్యాలనుకునేవాళ్ళకు ముందు తట్టేది సామానే.

ఆస్ట్రేలియాలో ఒక గొర్రెల రైతు నక్కల కోసం కనిపెట్టిన లైటు ఒకటుంది. చీకటి పడగానే దానంతటదే వెలిగి, ఒక పద్ధతి లేకుండా రకరకాల రంగుల్లో మెరుస్తుంది, ఎవరో టార్చి పట్టుకుని తిరుగుతున్నట్టు. అలాంటివి రెండు నేను కొని మామకిచ్చాను, ఇప్పుడు చెప్పుకుంటే గొప్పలా ఉంటుంది గానీ. మొదటి రెండు నెలలు బ్రహ్మాండం అన్నాడు. తర్వాత ఫోన్లో అడిగితే నసిగాడు. వినాయక చవితికి ఊరికి పోయి చూస్తే రెండూ పందిట్లో, దేవుడికి అటొకటి ఇటొకటి మెరుస్తున్నాయి. పిల్లకాయలు అడిగారట, కాదనలేకపోయాడట. నాకు కోపం రాలేదు. తోడేలుకు ఏ లైటైనా కొన్నాళ్ళకు అలవాటవుతుంది. ఎర్రగుడ్డ పీలికలు తాడుకు కట్టి మంద చుట్టూ వేలాడదీసే తూర్పు యూరప్ పద్ధతి కూడా అంతే, రెండు నెలలు బెదురుతుంది, తర్వాత దాటుతుంది. ఈనే నెలల్లో మాత్రమే బయటికి తీసి మిగతా కాలం మూలన పెడితేనే వాటికి విలువ. ఆ మాట నేను లైటుతోపాటు చెప్పలేదు, కొరియర్ చేసి ఊరుకున్నాను.

వలల మీద నాకు నమ్మకం ఎక్కువ. ఇప్పుడు వాడేవి పొట్టివి, గొర్రెలు బయటికి పోకుండా ఆపడానికే, తోడేలు లోపలికి రాకుండా ఆపడానికి కాదు. ఇంకో రెండడుగుల ఎత్తు, కింద అంచుకు బరువు, పిల్లల రొప్పానికి పైన కూడా కప్పు. లడాఖ్‌లో గొర్రెల దొడ్లకు పైన జాలీ కప్పించి మంచుచిరుత బాధ తగ్గించారు. కానీ అవి రాతి దొడ్లు, ఒకచోటే ఉంటాయి. మాది ప్రతి మూడో రోజూ పీకి గాడిద మీదో, టీవీఎస్ మోపెడ్ మీదో వేసుకుని పోవాల్సిన ఇల్లు. మోయలేని వల ఎంత గట్టిదైనా దండగ. డిజైన్ చేసేవాళ్ళు ఆ వల మోసుకుని ఒక వారం మందతో నడిస్తే బాగుండు.

కుక్క దగ్గర నేను తేల్చుకోలేకపోయాను. టర్కీ కంగల్ జాతి కుక్కల్ని నమీబియాలో చీతాల నుంచి మందల్ని కాపాడటానికి పెంచి ఇస్తున్నారు, బాగా పనిచేస్తున్నాయట. యాభై కిలోల కుక్క. మా మామ ఇంటి తిండి సగం దానికే కావాలి. మన కర్రి లాంటివి పదిహేను కిలోలు, మొరిగి లేపడం వరకే. ఆ మొరుగుడే చాలు, లేచే మనిషంటూ ఉంటే. అసలు భయం ఇంకోటి. పుణె దగ్గర తోడేలుకు, కుక్కకు పుట్టిన సంకర జంతువుల్ని 2023లో జన్యుపరీక్షతో నిర్ధారించారు. ఊరకుక్కల నుంచి రేబిస్, డిస్టెంపర్ లాంటి రోగాలు తోడేళ్ళకు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అంచేత కాపరి కుక్కకు టీకా, పిల్లలు కాకుండా ఆపరేషన్, మెడకు మేకుల పట్టీ, ఇవి ఉచితంగా చేస్తే తోడేలుకూ మందకూ ఒకే ఖర్చుతో మేలు. గొర్రెల టీకాలకు ఎలాగూ డాక్టర్లు వస్తారు. పక్కనే తోకూపుతూ నిలబడ్డ కుక్కను ఎవరూ చూడరు.

బహరాయిచ్ సంగతేంటి

ఇది రాస్తున్నానని చెప్పగానే మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. 2024 వానాకాలంలో ఉత్తరప్రదేశ్‌లోని బహరాయిచ్‌లో తోడేళ్ళు ఎనిమిది మందికి పైనే చంపాయి, ఎక్కువమంది చిన్నపిల్లలు, రాత్రి ఇంట్లో నిద్రపోతున్నవాళ్ళు. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి జీవవైవిధ్యం అనే మాట పలకడం నా వల్ల కాదు. అలా మనుషుల మీద పడటం మరిగిన తోడేళ్ళను పట్టాలి, పట్టలేకపోతే చంపాలి, దానికి నాకు ఏ శషభిషా లేదు. అయితే ఆ వార్తల్లో ఫొటోలు చూశారా? తలుపు లేని ఇళ్ళు, కరెంటు లేని వీధులు. తలుపు పెట్టించడం కూడా తోడేలు పథకమేనని నాకప్పుడే తట్టింది. మా మామకు రెండడుగులు ఎత్తు పెంచిన వల లాంటిదే అది.

గడ్డి సంగతి రాయకపోతే కామెంట్లలో ఎలాగూ అడుగుతారు, కాబట్టి రెండు ముక్కలు. ప్రభుత్వ లెక్కల్లో మా గడ్డినేలల్లో చాలాభాగం బంజరు. బంజరు కాబట్టి సోలార్‌కు ఇచ్చేయొచ్చు, గాలిమరలకు ఇచ్చేయొచ్చు. ఓర్వకల్లు దగ్గరి సోలార్ పార్కు ఒక్కటే దాదాపు 6,000 ఎకరాలు. నేను సోలార్ కరెంటుకు వ్యతిరేకిని కాదు. కానీ అదే పాత కర్నూలు జిల్లాలో రోళ్లపాడు దగ్గర 1988లో బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం పెట్టారు, ఇవాళ అక్కడ బోర్డు ఉంది, పిట్ట లేదు. గడ్డి పోతే జింక పోతుంది, జింక పోతే తోడేలుకు మిగిలేది గొర్రె. ఇది పెద్ద విషయం, ఇంకో పోస్టు కావాలి.

గీత, చుక్క

ఫొటో దగ్గరికి వస్తాను. నా స్నేహితుడికి ఫోన్ చేసి ఆ పిల్ల ఎవరిదో తెలుసా అన్నాను. మొదట నొచ్చుకున్నాడు, "నేనేం చేశాన్రా" అని. చోటు చెప్పనన్నాడు, తోడేలు గుంత దగ్గరికి జనం ఎగబడతారని వాళ్ళలో ఒక నియమం ఉందట, మంచి నియమమే. తర్వాత వాడే అసలు ఫైలు పంపాడు, తేదీ, టైముతో సహా. పొద్దున 6:12. నాకప్పుడు వెలిగింది, ఆ ఆఫీసాయన అడిగిన రశీదు ఇదే కదా! కళేబరం లేని నష్టానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది. వారం వారం మా బీళ్ళ మీదికి ఇంతమంది కెమెరాలతో వస్తారు, జాజు గుర్తు కనిపించిన ప్రతి ఫొటో ఒక కాపీ ఆ కాపరికి చేరితే ఎంత బాగుండు.

మామకు వాట్సాప్‌లో పెట్టాను. పది నిమిషాల్లో ఫోన్. "గీత, చుక్క... మనది కాదు అల్లుడూ. కొండవతలోళ్ళది." మరుసటి వారం సంతలో ఆ మనిషిని పట్టుకున్నాడు. గొర్రెపిల్లను ఎవరో దొంగిలించారని ఆయన అనుకున్నాడట. మందతో ఉన్న జీతగాడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, వాడి జీతంలో ఐదు వేలు పట్టుకున్నాడట, నిద్రపోయి ఉంటావనో, నువ్వే అమ్మేసి ఉంటావనో.

మామ అడిగాడని నా స్నేహితుడు ఫొటోను పెద్దసైజులో ప్రింటు తీయించి, మూల తన పేరున్న వాటర్‌మార్క్ తీసేసి మరీ పంపాడు. మామే తీసుకుపోయి ఇద్దరి ముందూ పెట్టాడు. ఐదు వేలూ తిరిగిచ్చారో లేదో తెలియదు, ఇస్తానన్నాడట. కుర్రాడు మాత్రం ఫొటోను చాలాసేపు చూసి, టైము చదివించుకుని, మామను ఒకటే అడిగాడట.

"ఇంత దగ్గరుండి, తీసినాయన కేకెయ్యలేదా?"

ఈ మాట నా స్నేహితుడికి ఇంకా చెప్పలేదు.